ఆడుశిశువు - గ్రామపంచాయతీ బాధ్యత

మేడారము జాతరను ఎరుగనివారు మన ప్రాంతమున లేరు. రెండేండ్ల కొకసారి మాఘమాసములో లక్షలాది జనము బండ్లు కట్టుకొని, బస్సులెక్కి, కాలినడకన అడవిదారి పట్టి వనదేవతల గద్దెలకు చేరుదురు. తమ యెత్తు బెల్లమును తూచి 'బంగార' మని సమర్పింతురు. ఆ గద్దెలపై కొలువైనవారు తల్లీకూతుళ్లు. ఒకరు సమ్మక్క, ఇంకొకరు సారలమ్మ. సమ్మక్క పుట్టుకను గూర్చి చెప్పుకొను కథయు అందరు వినినదే. కోయ దొరలు వేటకు పోగా అడవిలో పులుల నడుమ ఒక పసికందు కనబడినదట. వారు ఆ ఆడుశిశువును ఎత్తుకొని వచ్చి, తమ బిడ్డగా పెంచిరట.

దొరికిన ఆడుశిశువును ఎత్తుకొని పెంచిన గూడెము నేటికిని పూజ లందుకొనుచున్నది. ఆ పూజ చేయు మనమే, మన గ్రామమున ఒక యింట రెండవ ఆడపిల్ల పుట్టినదని వినగానే "అయ్యో" అందుము. అట్టి శిశువు ఎప్పుడో ఒక ముళ్లపొదలోనో, బస్సు స్టాండు బల్లమీదనో, ఆసుపత్రి మెట్లమీదనో కనబడినదను వార్తను చదివి, ఆ తల్లిని నాలుగు మాటలు తిట్టి, మన పనికి పోవుదుము. ఈ దురాచారమునకు మూలమేమి, చట్టమేమి చెప్పుచున్నది, గ్రామపంచాయతీ సభ్యులు చేయదగినదేమి అను మూడు విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము.

కొడుకు కోరిక - దాని మూలములు

కొడుకు కావలెనను కోరిక తప్పని చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. బిడ్డను కోరుట మానవ సహజము. కొడుకు ఉండియే తీరవలెను, కూతురు భారమే యను తలంపే దోషము. ఈ తలంపునకు మన పల్లెలలో నాలుగు ఆధారములు చెప్పుదురు.

మొదటిది పరలోకము. కొడుకు లేనిచో పున్నామ నరకము తప్పదని పెద్దలు చెప్పగా విన్నాము. తలకొరివి కొడుకే పెట్టవలె నందురు. కూతురు పెట్టరాదని ఏ చట్టమును చెప్పలేదు. కొడుకులు లేని తల్లిదండ్రులకు కూతుళ్లే అంత్యక్రియలు జరిపిన ఉదంతములు నేడు తెలంగాణ పల్లెలలో అరుదు కావు. ఆ పనిచేసిన కూతురును ఊరు మెచ్చుకొనుచున్నదే కాని వెలివేయుట లేదు.

రెండవది భూమి. ఆస్తి పరాయి యింటికి పోవునను భయము. ఇందు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము దేశమునకు దారి చూపినది. కూతురునకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు కల్పించుచు 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు 1986లో రాష్ట్రము చట్టము చేసినది. కేంద్రప్రభుత్వము హిందూ వారసత్వ చట్టమును సవరించి దేశమంతటను అట్టి హక్కు కల్పించినది 2005లో మాత్రమే. కూతురునకు ఈ హక్కు పుట్టుకతోనే వచ్చుననియు, తండ్రి 2005కు పూర్వమే చనిపోయినను అది పోదనియు సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది.

మూడవది వృద్ధాప్యము. "కొడుకైన కడుపున పెట్టుకొని చూచును" అందురు. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టము కొడుకును, కూతురును వేరు చేయలేదు. ఇద్దరికిని ఒకే బాధ్యత విధించినది. కొడుకు లుండియు రచ్చబండ దగ్గర అన్నమునకై ఎదురుచూచు ముసలివారిని పంచాయతీ సభ్యులు ఎందరినో చూచియుందురు. అట్టి తగవులలో తల్లిని తీసికొనిపోవుటకు ముందు వచ్చిన దెవరో కూడ వారికే తెలియును.

నాలుగవది, అన్నిటికంటె బలమైనది, వరకట్నము. ఇది అనాదిగా వచ్చిన ఆచారము కాదను సంగతిని మరువరాదు. తెలుగునాట అనేక కులములలో మగపెండ్లివారే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకొనెడివారు. మరికొన్ని కులములలో ముసలివరులకు పసిపిల్లలను సొమ్ముకు అమ్ముకొను దుస్థితి యుండెను. గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము' నాటకము వ్రాసినది ఆ దురాచారము మీదనే. అది 1892లో తొలిసారి ప్రదర్శింపబడెను. నాడు పిల్లకు వెల కట్టిరి, నేడు పిల్లతో వెల కట్టుచున్నారు. ఒక శతాబ్దములో తలక్రిందులైన ఆచారము మరల మార్చుటకు వీలుకానిది కాజాలదు. కట్నము అడుగుటయు, ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 నుండి నేరములే.

ఓరుగల్లు చెప్పు పాఠము

హనుమకొండలో వేయిస్తంభముల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుని వంశముననే, దాదాపు నూరేండ్ల తరువాత, గణపతిదేవ చక్రవర్తికి కొడుకులు లేకపోయిరి. ఆయన మరియొక యింటి మగవానికి రాజ్యము కట్టబెట్టలేదు. కూతురైన రుద్రమకు విద్యలు నేర్పించి సింహాసనమున కూర్చుండబెట్టెను. ఆమె సుమారు 1262 నుండి 1289 వరకు పాలించెను. ఓరుగల్లు కోటను బలపరచెను. సామంతుల తిరుగుబాట్లను ఎదుర్కొనెను. ఇటలీ దేశపు యాత్రికుడు మార్కోపోలో ఆమె న్యాయపాలనను కొనియాడెను. ఆమె మరణమును తెలుపు 1289 నాటి శాసనము నల్లగొండ ప్రాంతమున చందుపట్లలో దొరకినది. ఆమె తరువాత రాజ్యమునకు వచ్చిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురి కొడుకు.

ఇందు గమనింపవలసిన విషయము ఇంకొకటి కలదు. అంతటి రాణిని శాసనములలో 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుతో వ్రాయవలసివచ్చెను. అనగా చక్రవర్తియు లోకము నోటికి జంకెను. జంకినను కూతురును మాత్రము విడువలేదు. నేడు మన పల్లెలో సామాన్య గృహస్థునకు ఆ జంకు అక్కరలేకుండ చేయుట పంచాయతీ పని.

లెక్క ఏమి చెప్పుచున్నది

ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది బాలురకు బాలిక లెందరని జనాభా లెక్కలలో చూతురు. దేశమున 1961లో ఆ సంఖ్య 976. అది 1991లో 945, 2001లో 927, 2011లో 918 అయినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1991లో 975, 2001లో 961, 2011లో 939 ఉండెను. మనము దేశముకంటె మేలుగా ఉంటిమని సంతోషింపవచ్చును గాని, మెట్లు దిగుచున్న దిశ మాత్రము ఒక్కటే.

ఈ తగ్గుదల కేవలము కొడుకు కోరికవలన వచ్చునా? కాదు. నూరుమంది దంపతులు కొడుకు పుట్టువరకు కందుమని పట్టుపట్టిరనుకొందము. తొలి కాన్పులో సుమారు ఏబదిమందికి మగపిల్లలు, ఏబదిమందికి ఆడపిల్లలు పుట్టుదురు. ఆడపిల్ల పుట్టిన ఏబది యిండ్లలో రెండవ కాన్పున మరల సగము, సగము. మూడవ కాన్పున కూడ అంతే. ఎంత దూరము పోయినను మొత్తములో బాలుర, బాలికల సంఖ్య ఇంచుమించు సమానముగనే ఉండును. మారునది ఒక్కటే. ఆడపిల్లలు పెద్ద సంసారములలో పెరుగుదురు, పాలు, బట్ట, బడి రుసుము ఎక్కువమంది నడుమ పంచుకొందురు.

కావున సంఖ్య పడిపోయినదనగా ఎచ్చటనో మానవ హస్తమున్నదని అర్థము. గర్భమున నున్నది ఆడుశిశువని పరీక్షలో తెలిసికొని తొలగించుట యొకటి. పుట్టిన తరువాత జ్వరము వచ్చినపుడు కొడుకును ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపోయి, కూతురును "రేపు చూతము" అనుట యింకొకటి. ప్రకృతిలో మగశిశువులే కొంత బలహీనులు. అయినను మన దేశమున చాలకాలము అయిదేండ్లలోపు ఆడపిల్లలే ఎక్కువగా మరణించుచుండిరి. ఆ "రేపు" అను మాట విలువ అది.

ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించుట అజ్ఞానము. బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రినుండి వచ్చు బీజము. తల్లికి ఇందు ఏ ప్రమేయమును లేదు.

దేవరకొండ తండాల కథ

ఇరువది అయిదేండ్ల క్రిందట మన రాష్ట్రము పేరు దేశవిదేశములలో వినబడిన ఉదంతమొకటి కలదు. 1999లోను, మరల 2001లోను, కొన్ని దత్తత సంస్థలపై విచారణలు జరిగెను. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాలనుండియు, మరికొన్ని చోట్లనుండియు పసి ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి సొమ్ముకు తెచ్చి, తల్లిదండ్రులు ఇష్టపూర్వకముగ వదలుకొనిరని పత్రములు వ్రాయించి, విదేశ దత్తతలకు పంపుచుండిరని బయటపడెను. పేదరికము, పిల్లలు ఎక్కువ యుండుట, ఆడపిల్ల యగుట అను కారణములమీద శిశువును వదలుకొనుటను రాష్ట్రప్రభుత్వము 2001లో నిషేధించెను.

దీనినుండి కొందరు తప్పు పాఠము నేర్చుకొనిరి. ఇది ఒక తెగవారి గుణమని వారనిరి. పరిశీలించినవారు కనుగొన్నది వేరు. లంబాడీలలో పూర్వము వరుడే ఓలి ఇచ్చెడివాడు. ఇరుగుపొరుగును చూచి కట్నము వారిలోనికి ప్రవేశించెను. వర్షములేని నేల, అప్పు, వలస తోడయ్యెను. తాము ముద్దుగా చూచుకొన్న కూతురే వారికి భారమాయెను. చదువుకొన్నవారి ఇండ్లనుండి బయలుదేరిన కట్నపు దురాచారము పేదల తండాలో శిశువు వెలగా మారినది. నిందింపవలసినచో ఎచ్చటనుండి మొదలుపెట్టవలెనో దీనివలన తెలియును.

చదువుకొన్నవారు నేటికిని వెనుకబడలేదు. 2023 మే నెలలో వరంగల్ పోలీసు కమిషనరేటువారు లింగనిర్ధారణ పరీక్షలు, అక్రమ గర్భస్రావములు చేయు ముఠాను పట్టుకొని 18 మందిని అరెస్టు చేసినట్లు ప్రకటించిరి. చేతిసంచిలో పట్టు చిన్న స్కానింగు యంత్రము నేడు ఊరిదాక రాగలదు.

చట్టము చెప్పునది

గర్భస్థ శిశువు ఆడయో మగయో పరీక్షించుట, చెప్పుట, సైగ చేయుట సైతము 1994 నాటి చట్టము ప్రకారము నేరము. తొలి నేరమునకు వైద్యునకు మూడేండ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా. పరీక్ష కోరినవారికి మూడేండ్ల వరకు జైలు, ఏబదివేల వరకు జరిమానా. భర్తయు, బంధువులును బలవంతపెట్టిరనియే చట్టము భావించును గాని గర్భిణిని దోషిగా చూడదు. ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. 1971 నాటి చట్టమునకు లోబడి వైద్యుని సలహాపై జరుగు గర్భస్రావము నేరము కాదు. ఆడుశిశువని తెలిసికొని చేయుట నేరము.

పండ్రెండేండ్ల లోపు బిడ్డను తల్లిదండ్రులు వదలిపోయినచో, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 93వ సెక్షను ప్రకారము ఏడేండ్ల వరకు శిక్ష కలదు.

ఇది వినగానే దిక్కులేని తల్లి ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చును. 2015 నాటి బాలల న్యాయచట్టము ఆమెకు తలుపు తెరచియే యుంచినది. తమ చేతిలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణములవలన బిడ్డను పెంచలేనివారు జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట శిశువును అప్పగింపవచ్చును. సమితి వారితో మాట్లాడి, నచ్చజెప్పి, అప్పటికిని తప్పదనుకొన్నచో పత్రము వ్రాయించుకొనును. తరువాత రెండు నెలల లోపల మనసు మారినచో బిడ్డను మరల తీసికొనుటకు అవకాశము కలదు. శిశువు శిశుగృహమునకు చేరి, చట్టబద్ధముగ దత్తతకు పోవును. దేశమున ఇట్లు దత్తతకు పోవు పిల్లలలో ఆడపిల్లలే ఎక్కువ. ఒకరు పొదలో విడిచిన బిడ్డకై వేరొకచోట పిల్లలులేని దంపతులు ఏండ్ల తరబడి వేచియున్నారని దీని అర్థము.

అయితే దొరికిన బిడ్డను ఊరిలో ఎవరికో బాండు పేపరుమీద వ్రాసి ఇచ్చుట దత్తత కాదు. అది శిక్షార్హము. సొమ్ము చేతులు మారినచో అయిదేండ్ల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల జరిమానా కలవు.

శిశువు కనబడినచో - తొలి గంటలు

ఇట్టి సమయమున సర్పంచి లేదా వార్డు సభ్యుడు మొదట చేరును. కావున ఈ క్రమమును ప్రతి సభ్యుడు ఎరిగి యుండవలెను.

1. శిశువును వెంటనే ఎత్తవలెను. పోలీసులు వచ్చువరకు ముట్టరాదనుట భ్రమ. చీమలు, మట్టి తుడిచి, పొడిబట్టలో చుట్టి, తలకు బట్ట కప్పి, ఒక స్త్రీ తన రొమ్మున ఆనించుకొని వెచ్చగా ఉంచవలెను. పసికందును చలి త్వరగా చంపును.

2. స్నానము చేయించరాదు. తేనె, చక్కెరనీళ్లు పోయరాదు. బొడ్డుతాడును ఇంటి కత్తితో కోయరాదు.

3. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. తోడుగ ఆశా కార్యకర్తయో, అంగన్‌వాడీ టీచరో వెళ్లవలెను.

4. 1098 బాలల సహాయ కేంద్రమునకు గాని, పోలీసు ఠాణాకు గాని, బాలల సంక్షేమ సమితికి గాని 24 గంటలలోపల తెలుపవలెను. తెలుపకుండుట నేరము. ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

5. కనబడిన చోటు, వేళ, చుట్టియున్న బట్ట వివరములు వ్రాసి పెట్టవలెను. శిశువు ఫోటోను సెల్‌ఫోనులలో పంపరాదు. గుర్తింపును వెల్లడిచేయుట చట్టవిరుద్ధము.

6. తల్లి యెవరో అని ఊరిలో ఇంటింట వెదకి అల్లరి చేయుట పంచాయతీ పని కాదు. ఆమె కూడ ప్రసవించి ఒక దినమైన కాలేదేమో, రక్తస్రావముతో ఎచ్చటనో పడియున్నదేమో. ఆమె జాడ తెలిసినచో మొదట కావలసినది వైద్యము. విచారణ సంగతి అధికారులు చూచుకొందురు.

పుస్తకములోనే ఉన్నది జవాబు

ఇక ముందుచూపు. జననముల రిజిష్టరు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉన్నది. జననమును 21 దినములలో నమోదు చేయవలెను. దానిని నింపుటయే కాని చదువుట మనకు అలవాటు లేదు.

ప్రకృతిసిద్ధముగ 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుట్టుదురు. ఏటికి 45 జననములు గల గ్రామమున ఒక ఏడు 26 మంది మగ, 19 మంది ఆడ పుట్టినను అనుమానింపరాదు. చిన్న సంఖ్యలో అట్టి హెచ్చుతగ్గులు సహజము. అయిదేండ్ల లెక్క కలిపి చూడవలెను. 225 జననములలో ఆడపిల్లలు 110 మంది వరకు ఉండవలెను. వారు 90 మందియే యున్నచో కారణము విచారింపదగును. కాన్పుల వరుస చూచినచో ఇంకను స్పష్టమగును. తొలి కాన్పులలో సంఖ్య సరిగానుండి, మొదట కూతురు పుట్టిన యిండ్లలో రెండవ కాన్పున మాత్రము ఆడపిల్లలు తగ్గినచో, అది ప్రకృతి పని కాదు. ఆ సంగతిని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి తెలుపవలెను. ఏ యింటిని పేరుపెట్టి సభలో నిందింపరాదు.

ఇతరులు చేసిన పని

రాజస్థానులో పిప్లాంత్రి యను గ్రామము కలదు. 2005లో అచ్చట సర్పంచి యైన శ్యాంసుందర్ పాలివాల్ కూతురును పోగొట్టుకొని, ఆమె పేర ఒక చెట్టు నాటెను. అది ఊరి ఆచారమాయెను. ఆడపిల్ల పుట్టినపుడెల్ల 111 మొక్కలు నాటుదురు. గ్రామస్థులు 21,000 రూపాయలు, తండ్రి 10,000 రూపాయలు వేసి పిల్ల పేర బ్యాంకులో దాచుదురు. చదివింతుమని, చిన్ననాట పెండ్లి చేయమని తల్లిదండ్రులు వ్రాసి ఇత్తురు.

మహారాష్ట్రమున సతారా జిల్లాలో, వలదనుకొన్న ఆడపిల్లలకు 'నకూశా', అనగా అక్కరలేనిది, అని పేరు పెట్టుచుండిరి. 2011లో జిల్లా అధికారులు రెండువందలకు పైగా బాలికలను పిలిచి, సభ చేసి, వారు కోరిన క్రొత్త పేర్లు పెట్టిరి. మన తెలుగువారు పెట్టుకొన్న పేరు దీనికి ఎంత దూరము! బిడ్డ బ్రతుకవలెనని 'బతుకమ్మ' అన్నారు. ఆ పేరనే పూలు పేర్చుచున్నాము. ఏటేట ఎంగిలిపూల నాడు వేయిస్తంభముల గుడి ముందు స్త్రీలు వేలుగా చేరి ఆడుచున్నారు.

అంత దూరము పోనక్కరలేదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మండలములోని హరిదాస్‌పూర్ గ్రామస్థులు 2020లో ఆడపిల్ల పుట్టినందుకు ఊరంతట దీపములు వెలిగించి మిఠాయిలు పంచిరి. పిల్లల పేర సుకన్య సమృద్ధి ఖాతాలు తెరిపించిరి. పదేండ్లలోపు బాలిక పేర ఆ ఖాతాను 250 రూపాయలతో తపాలా కార్యాలయమున తెరువవచ్చును.

దేశముల మాట చూచినను నిరాశకు తావులేదు. దక్షిణ కొరియాలో 1990లో 100 మంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టిరి. వారు పరీక్షలను నిషేధించిరి. అంతటితో ఆగక, ఇంటిపెద్ద పురుషుడే యను చట్టమును 2005లో రద్దుచేసిరి. స్త్రీలు చదివిరి, ఉద్యోగములు చేసిరి. 2007 నాటికి జననముల లెక్క సహజస్థితికి వచ్చెను. కొడుకు కోరిక సన్నగిల్లినదని 2024లో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధమునే తొలగించినది. ఒక్క తరములో జరిగిన మార్పిది.

పంచాయతీ చేయదగినవి

రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ అంశములను చేర్చుడు. అయిదేండ్ల జననముల లెక్క చదివి వినిపించుట. సర్పంచి అధ్యక్షతన ఉండవలసిన గ్రామ బాలల పరిరక్షణ కమిటీ పనిచేయుచున్నదో లేదో విచారించుట. 1098, 108 సంఖ్యలను పంచాయతీ గోడపై, పాఠశాలలో, అంగన్‌వాడీలో పెద్ద అక్షరములతో వ్రాయించుట. ఇద్దరు కూతుళ్లు గల గర్భిణుల యింటికి మహిళా సభ్యులు, ఆశా కార్యకర్త తరచు వెళ్లి అత్తమామలతో మాట్లాడుట. ఆడపిల్ల పుట్టిన యింటికి సర్పంచి స్వయముగ పోయి జనన ధ్రువపత్రము అందించుట. బడి మానిన బాలికను కస్తూర్బాగాంధీ విద్యాలయమునకో, గురుకులమునకో చేర్చుట. పదునెనిమిదేండ్లు నిండక పెండ్లి జరుగకుండ చూచుట, నిండినవారికి కల్యాణలక్ష్మి దరఖాస్తులో తోడ్పడుట.

వీనిలో చాల పనులకు ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు. సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడిన సభలో కూర్చుండి, ఆడపిల్ల అక్కరలేదను మాటను మనము విని యూరకుండరాదు. కోయ దొరలకు చట్టము తెలియదు, సహాయ కేంద్రపు సంఖ్య లేదు. వారికి తెలిసినది ఒక్కటే, కనబడిన బిడ్డను ఎత్తుకొనవలె నని. మనకు చట్టమును, సంఖ్యయు, సభయు ఉన్నవి.